ఏ దేశంలో దిగుతావు నాయనా?

మా రాజోలు, మలికిపురం వైపు కువైట్, మస్కట్, దుబాయ్ పక్కూళ్ల పేర్లలాగే నోళ్లలో నలుగుతుంటాయి. వెళ్లబోయే కుర్రాళ్లు నన్ను అడిగేది ఒకటే: “తాతా, ఎక్కడైతే బాగుంటుంది?” బాగుండడమంటే వాళ్ల లెక్కలో జీతం. ఒకప్పుడు నా లెక్కా అదే. సగం జీవితం గల్ఫ్‌లో గడిపాక తెలిసొచ్చిన నాలుగు ముక్కలు రాస్తున్నాను.

1. జీతం సంగతి తర్వాత, ముందు వీసా చూడు.

కువైట్‌లో 18వ నంబరు వీసా కంపెనీ పనికి, 20వ నంబరు ఇంటిపనికి. రెండోదాన్ని మనవాళ్లు ఖాదిం వీసా అంటారు. గల్ఫ్ యుద్ధం తర్వాత రెండోసారి వెళ్లినప్పుడు, తక్కువలో వస్తోందని ఖాదిం వీసా కొనుక్కుని, బయట కరెంటు పని చేశాను. వీసా ఇచ్చిన యజమానికి, అంటే కఫీల్‌కి, ఏటేటా డబ్బు ముట్టజెప్పినన్నాళ్లూ అకామా (నివాస అనుమతి) కొట్టించాడు. ఒక ఏడు మొహం చాటేశాడు. చేతినిండా పనుంది, కాగితం మాత్రం లేదు. పోలీసు బండి కనబడితే సందులోకి తప్పుకునేవాణ్ణి. మా నాన్న పోయారని కబురొస్తే గదిలోనే కూర్చుని ఏడ్చాను, రాలేకపోయాను. అదే పని 18వ నంబరు మీద చేసినవాడికి నాకంటే జీతం తక్కువే. కానీ వాడు రెండేళ్లకోసారి ఇంటికొచ్చి వెళ్లేవాడు. 2024లో కువైట్ క్షమాభిక్ష ప్రకటించినప్పుడు అకామా లేని మనవాళ్లు ఎందరో బయటపడ్డారు. అంటే ఆ పొరపాటు నాతో ఆగలేదన్నమాట.

2. మనవాళ్లున్న పేటలోనే దిగు, అక్కడే పాతుకుపోకు.

కువైట్‌లోని హసావీలో మా గదిలో మంచాల మీద మంచాలు. గోడకి మేకు, మేకుకి వేలాడే మెస్ పుస్తకం. బియ్యం, గ్యాసు, చేపల లెక్కలతో పాటు, ఈ శుక్రవారం వంట ఎవరిదో కూడా అందులోనే ఉండేది. జ్వరమొస్తే గంజి కాచిందీ, జీతం ఆగితే అప్పిచ్చిందీ ఆ గదే. దానికి రుణపడి ఉన్నాను. అయితే పొద్దున్న లేస్తే తెలుగు, పడుకోబోతే తెలుగు. అరబ్బీ నాలుకెక్కలేదు. నా వెనకాల వచ్చిన మలయాళీ కుర్రాడు ఏడాదిలో భాష పట్టి నాకే సూపర్‌వైజరయ్యాడు.

కంపెనీ వసతి ఇస్తే ఒకసారి మెట్లు ఎక్కి దిగి చూసుకో. 2024 జూన్ 12 తెల్లవారుజామున కువైట్‌లోని మంగాఫ్‌లో కార్మికులుండే భవనం అంటుకుని 40 మందికి పైగా భారతీయులు చనిపోయారు. వాళ్లలో మన రాష్ట్రంవాళ్లూ ఉన్నారు. పడుకునే చోట దారి ఎటో అడగడానికి మొహమాటం దేనికి?

3. అద్దె తగ్గిన చోట నిద్ర కూడా తగ్గుతుంది.

షార్జాలో గది, దుబాయ్‌లో పని. ఆ ట్రాఫిక్‌లో ఇరుక్కున్నవాడెవణ్ణి అడిగినా మిగతాది వాడే చెబుతాడు.

4. వెనక్కొచ్చే దారి ముందే చూసిపెట్టుకో.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగింది. మారకం రేటు పెరిగాక పంపుదామని నేను జీతం డబ్బంతా సూట్‌కేసులో దాచుకున్నాను. బాగ్దాద్ మీదుగా బస్సుల్లో జోర్డాన్ చేరేసరికి ఆ దినార్లు తీసుకునేవాడు లేడు. అమ్మాన్ నుంచి ఎయిరిండియా విమానాలు మమ్మల్ని ఇంటికి చేర్చాయి. అలా వచ్చినవాళ్లు దాదాపు 1,70,000 మంది.

జోర్డాన్ గుడారంలో మా తాత గుర్తొచ్చాడు. ఆయన కాకినాడలో స్టీమరెక్కి రంగం (రంగూన్) వెళ్లి, రేవులో మూటలు మోసినవాడు. 1942లో జపానువాళ్లు బర్మా మీద పడితే అడవుల వెంట నడిచొచ్చాడు. యుద్ధం ముగిశాక అక్కడే ఉండిపోయిన తెలుగువాళ్లనీ, తిరిగి వెళ్లినవాళ్లనీ 1960ల్లో నే విన్ ప్రభుత్వం వచ్చాక మళ్లీ కష్టాలు చుట్టుముట్టాయి. దుకాణాలు జాతీయం చేస్తే చాలామంది కట్టుబట్టలతో వచ్చేశారు. విశాఖలో బర్మా క్యాంపు అలా వెలిసిందే. చిన్నప్పుడు ఈ కథ ఎన్నిసార్లు విన్నానో! విని కూడా సూట్‌కేసు నింపుకున్నాను.

తర్వాత ఐక్యరాజ్యసమితి ద్వారా పరిహారం వచ్చింది, దాడి నాటికి కువైట్‌లో ఉన్నట్టు రుజువు చూపినవాళ్లకి. నా పాస్‌పోర్టు జిరాక్సు మా ఆవిడ ట్రంకుపెట్టెలో భద్రంగా ఉంది. దాని పుణ్యమా అని నాకూ దక్కింది.

5. కాపురం పెట్టలేని చోట గడువు పెట్టుకో.

గల్ఫ్‌లో ఎన్నేళ్లున్నా మనలాంటివాళ్లకి పౌరసత్వం దొరకదు. కుటుంబాన్ని తెచ్చుకుందామంటే జీతం చాలదు. 2024 జనవరిలో కువైట్ ఫ్యామిలీ వీసాలు మళ్లీ తెరిచినప్పుడు నెలకి 800 దినార్ల జీతం ఉండాలన్నారు. డ్రైవరుకి, కరెంటు పనివాడికి ఆ మాటెందుకు? నేను గడువు పెట్టుకోలేదు. ఈ రెండేళ్లు, ఇంకో రెండేళ్లు అంటూ సాగదీశాను. కొబ్బరి దింపులు, పిల్లల ఫీజులు, పెళ్లి సంబంధాలు మా ఆవిడే చక్కబెట్టింది. ఈరోజుకీ పిల్లలు ఏదైనా అడగాలంటే నన్ను దాటుకుని వంటింట్లోకే వెళ్తారు. వాళ్లని తప్పుపట్టలేను.

6. ఆడపిల్ల వెళ్తుంటే ఊరిని కాదు, పంపేవాణ్ణి చూడాలి.

ఇంటిపనికి వెళ్లే మన ఆడవాళ్లకి ఏ పేటో, ఏ ఇల్లో ఎంచుకునే వీలుండదు. మా బంధువులమ్మాయిని ఒక ఏజెంటు కువైట్ అని చెప్పి, విజిట్ వీసా మీద దుబాయ్‌లో దింపి, అక్కడినుంచి మస్కట్‌లో ఓ ఇంటికి అప్పజెప్పాడు. వాడు మనవాడే, ఫరవాలేదని పూచీ పడింది నేనే. ఆ పిల్ల క్షేమంగానే తిరిగొచ్చింది గానీ నాతో మునుపటిలా మాట్లాడదు. ఇసిఆర్ (వలస అనుమతి తప్పనిసరైన) పాస్‌పోర్టున్న స్త్రీ గల్ఫ్‌లో ఇంటిపనికి వెళ్లాలంటే 30 ఏళ్లు నిండాలి. విజిట్ వీసా మీద పనికి పంపుతానన్నవాడు ఎంత దగ్గరి చుట్టమైనా గుమ్మంలోంచే పంపెయ్యి.

7. అమెరికాలోనూ మొదటి పాఠమే.

మనవడు డల్లాసా, న్యూజెర్సీయా అని తర్జనభర్జన పడుతున్నాడు. తెలుగువాళ్లు, గుడి రెండుచోట్లా ఉన్నాయి. నేను అడిగింది వేరు. హెచ్1బి మీద ఉద్యోగం పోతే మరొకటి చూసుకోవడానికి 60 రోజులే గడువు. గ్రీన్‌కార్డుల్లో ఒక్కో దేశానికి 7 శాతమే కాబట్టి మనవాళ్ల వరస ఏళ్లకేళ్లు కదలదు. ఒక కంపెనీ తీసేస్తే నడిచే దూరంలో ఇంకో పది కంపెనీలున్న ఊరు చూసుకోరా అన్నాను. ఆ తర్వాతే గుడి.

గల్ఫ్‌కి వెళ్లేవాళ్లకి చివరగా ఒక మాట. ఏజెంటుకి లైసెన్సు ఉందో లేదో ఇ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూడండి. చట్టప్రకారం అతను 30,000 రూపాయలు, దానిమీద జీఎస్టీ మించి తీసుకోకూడదు. ప్రవాసీ భారతీయ బీమా 275 రూపాయల ప్రీమియంతో రెండేళ్లు ఉంటుంది, ప్రమాదంలో ప్రాణం పోతే ఇంటికి 10 లక్షలు వస్తాయి. వీసాకి లక్షలు అప్పు చేసేవాళ్లు ఈ 275 దగ్గర లెక్క చూసుకోకండి.