సాంచాలు బంద్ ఉన్న రోజు ఆదిలాబాద్ అడవికి పోతున్నారా?

సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల నుంచి బండ్లు కట్టుకొని జోడేఘాట్, కేస్లాపూర్, కుంటాల చూడబోయేవాళ్లు తరచూ అడిగే ప్రశ్నలివి.

ప్రశ్న: అడవి రూల్స్ ఎక్కడి నుంచి మొదలైతయి?

ధర్మపురి దాటి రాయపట్నం వంతెన మీద గోదావరి దాటండి. లక్షెట్టిపేట నుంచి జన్నారం వైపు తిరిగితే కవ్వాల్ వస్తుంది. అది 1965లో అభయారణ్యం, 2012లో పులుల రిజర్వు అయింది. పగటిపూట రోడ్డున పోయేవాళ్లను ఎవరూ ఆపరు. రోడ్డు దిగి లోపలికి పోవాలంటే మాత్రం అటవీశాఖ అనుమతి కావాలి. చెట్టు కింద పొయ్యి పెట్టి కోడికూర వండుకోవడం మనవాళ్లకు మహా సరదా. కానీ అభయారణ్యంలో ముప్పు వచ్చేలా నిప్పు రాజేసినా, చెత్త పారేసినా, జంతువులను అదిలించినా 1972 వన్యప్రాణి చట్టం కింద నేరమే. సాధారణంగా మూడేళ్ల దాకా జైలో, లక్ష రూపాయల దాకా జరిమానానో, రెండూనో పడొచ్చు. రాత్రిపూట వాహనాల మీద ఆంక్షలు మారుతుంటాయి కాబట్టి చెక్‌పోస్టులో అడిగి కదలండి.

ప్రశ్న: దీపావళికి గుస్సాడీలతో సెల్ఫీ దిగొచ్చా?

అడిగి దిగండి. దీపావళికి గోండు గూడేల్లో గుస్సాడీలు ఆడే దండారిని మనం డ్యాన్స్ ప్రోగ్రాం అనుకుంటాం, వాళ్లకది దీక్ష. దీక్ష ముగిసేదాకా గుస్సాడీ స్నానం కూడా చేయడు. నెమలి ఈకల టోపీకి పూజ చేశాకే తలకెత్తుకుంటాడు. అయ్యప్ప మాల వేసుకున్నాయన ఇరుముడిని అడుక్కొని మన నెత్తిన పెట్టుకొని ఫోటో దిగుతామా? గుస్సాడీ టోపీ అడిగి పెట్టుకోవడమూ అంతే. ఈ నృత్యానికే మార్లవాయి కనక రాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది. ఆయన 2024లో కన్నుమూశారు. గూడెంలోకి పోతే ముందు గూడెం పెద్ద పటేల్‌ను కలిసి "రామ్ రామ్" అనండి, సగం పని అయినట్టే. గోండులు, కొలాములు, పర్ధాన్లు, తోటీలు వేర్వేరు. అందరినీ ఒకే గాటన కట్టి మాట్లాడితే నొచ్చుకుంటారు. నలుగురిలో కులం పేరెత్తి అవమానిస్తే 1989 అట్రాసిటీ చట్టం ఉండనే ఉంది.

ప్రశ్న: కేస్లాపూర్ నాగోబా జాతర మెస్రం వాళ్లది కదా, మనం పోవచ్చా?

నిక్షేపంగా పోవచ్చు. పుష్య అమావాస్య నాటి మహాపూజ మెస్రం వంశం వాళ్లు చేసుకుంటారు. దర్శనం, జాతర అందరివీ. కొత్త కోడళ్లను దేవుడికి పరిచయం చేసే భేటింగ్ దగ్గర మాత్రం ఫోన్లు జేబులో పెట్టుకోండి. మెస్రం వాళ్లు కాలినడకన తెచ్చే గంగాజలం కలమడుగు దగ్గర గోదావరిలోని హస్తినమడుగుది. ఆ గోదావరికి ఇవతలి ఒడ్డు మన జగిత్యాల జిల్లాయే.

ప్రశ్న: మంచి జాగ కనపడ్డది, ఎకరం కొని రిసార్టు పెడితే?

కుదరదు. షెడ్యూల్డ్ గ్రామాల్లో 1/70 చట్టం కింద గిరిజనేతరులకు భూమి బదలాయిస్తే చెల్లదు. అమ్మేవాడు గిరిజనేతరుడైనా చెల్లదు. లీజు కూడా బదలాయింపు కిందికే వస్తుంది. సాదా బైనామా రాయిస్తానని ఎవరైనా ముందుకొస్తే, బయానా ఇవ్వకుండా ఇంటికి రండి.

ప్రశ్న: పరందోళి తెలంగాణదా, మహారాష్ట్రదా?

రెండూ తమదే అంటాయి. కెరమెరి మండలంలోని ఆ సరిహద్దు పల్లెల్లో చాలామందికి రెండు రాష్ట్రాల ఓటరు కార్డులూ ఉన్నాయి. దగ్గర్లోని జంగుబాయి గుహకు పుష్యమాసంలో రెండు వైపుల నుంచీ ఆదివాసులు వస్తారు.

ప్రశ్న: కుంటాలలో ఈత కొట్టొచ్చా? నాకు ఈత బాగా వచ్చు.

వద్దు. కడెం వాగు అక్కడ దాదాపు 45 మీటర్ల ఎత్తు నుంచి పడుతుంది. కింది గుండంలో మునిగి ఇప్పటికే చాలామంది పోయారు. అందులో ఈత వచ్చినవాళ్లూ ఉన్నారు.