బెండకాయ గంబో: మధుమేహ రోగుల వంటింటికొక పాఠము

కోల్‌కతా నగరమున భోజనమనగా ముందు అన్నము. వంగ దేశీయులకును, ఆ నగరమున తరతరములుగా కాపురమున్న తెలుగువారికిని ఈ విషయమున భేదము లేదు. హుగ్లీ తీరమున టిటాగఢ్ మొదలగు చోట్ల జనపనార మిల్లులలో పనికై 20వ శతాబ్దపు తొలి దశాబ్దములలో విశాఖపట్టణము, గంజాం ప్రాంతముల నుండి తెలుగు కుటుంబములు వచ్చి స్థిరపడినవి. వారు ఊరు మారిరే గాని పళ్ళెము మారలేదు. పైగా ఆ నగరపు రుచులును వచ్చి చేరినవి: ఉదయమున మైదాతో వేచిన లూచి, బిర్యానీలో సైతము ఒక బంగాళాదుంప, సాయంకాలమున సందేశ్, రసగుల్లా. మిల్లులో పగలంతయు బరువులు మోసిన శరీరమునకు ఇంత పిండిపదార్థము చెల్లినది. మనుమలు కుర్చీలో కూర్చుండి చేయు ఉద్యోగములకు అది చెల్లదు.

ఈ సంగతి నిన్న మొన్న తెలిసినది కాదు. ఉష్ణదేశములలోని మధుమేహమును గూర్చి వైద్యులు జరిపిన యొక చర్చ 1907లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ నందు ప్రకటింపబడినది. అందు పాల్గొన్నవారిలో కలకత్తా వైద్యుడు కైలాసచంద్ర బోసు ఒకరు. కలిగిన కుటుంబములవారిని, ఒడలు వంచని వృత్తులవారిని ఈ వ్యాధి ఎక్కువగా పట్టుచున్నదని ఆనాటి వైద్యులు గుర్తించిరి. నేడది కలిగినవారి వ్యాధి మాత్రమే కాదు. భారత వైద్య పరిశోధన మండలి జరిపించి, 2023లో ప్రకటించిన సర్వే ప్రకారము దేశమున 10 కోట్లకు పైగా మధుమేహ రోగులు కలరు. మరి 13 కోట్లకు పైబడినవారు ఆ వ్యాధి వాకిట నిలిచియున్నారు.

వైద్యుడు చీటీ వ్రాసి, “అన్నము తగ్గింపుడు” అని చెప్పి పంపును. ఇంటికి వచ్చిన పిమ్మట గృహిణికి కలుగు ప్రశ్న వేరు: అన్నము తగ్గించినచో పళ్ళెములో ఏమి వడ్డింపవలెను? రోగి ఆకలితో లేచినచో ఆ నియమము మూడు దినములు నిలువదు. నాలుగవనాడు రాత్రి పెరుగన్నముతో ముగియును. కావున కడుపు నిండునట్టిదియు, నాలుకకు హితవైనదియు, అరగంటకు మించి పొయ్యి వద్ద నిలువబెట్టనిదియు నగు వంటకము కావలెను. అట్టిదానినొకదానిని ఇచట వివరింపబడుచున్నది.

అమెరికా సంయుక్త రాష్ట్రములకు దక్షిణమున లూసియానా యను రాష్ట్రము, అందు న్యూ ఆర్లియన్స్ అను రేవు పట్టణము కలవు. అచటి ప్రజలు రొయ్యలు, పీతలు, కోడిమాంసము మొదలగువానితో చిక్కని పులుసు వంటి వంటకము చేయుదురు. దాని పేరు గంబో. ఆ పేరు మనకు పరాయిది కాదనవలెను, ఏలయన మధ్య ఆఫ్రికాలోని బంటూ భాషలలో ‘కింగొంబో’ అనగా బెండకాయయే. బానిసలుగా ఓడలలో తరలింపబడిన ఆఫ్రికావారితో పాటు ఆ కాయయు, ఆ పేరును సముద్రము దాటినవి. ఫ్రెంచివారు నేటికిని బెండకాయను ‘గొంబో’ అనియే పిలుతురు.

గంబోను చిక్కబరచుటకు అచట మూడు మార్గములు కలవు. మొదటిది బెండకాయ జిగురు. రెండవది సాసఫ్రాస్ అను చెట్టు ఆకుల పొడి. మూడవది మైదాను నూనెలోనో వెన్నలోనో ముదురు రంగు వచ్చువఱకు వేచి కలుపుట. పలువురు మూడవదానిని తప్పనిసరి యందురు. మధుమేహ రోగికి విడువవలసినది అదియే. సాసఫ్రాస్ పొడికై కోల్‌కతా అంగళ్ళలో వెదకుట వృథా. బెండకాయయన్ననో ప్రతి వీధి చివరను దొరకును. మొదటి మార్గమే మనకు చాలును.

ఇచట కొంచెము లెక్క చూడవలెను, ఏలయన ఈ వంటకమును గూర్చి పలువురు పొరబడునది ఇచటనే. నలుగురికి సరిపడు గంబోలో సాధారణముగా 60 గ్రాముల మైదా పడును. అందలి పిండిపదార్థము సుమారు 45 గ్రాములు, అనగా మనిషికి 11 గ్రాములు. గంబోను అచట అన్నము మీద పోసికొని తిందురు. వండిన అన్నము 150 గ్రాములు, అనగా చిన్న గిన్నెడు, తిన్నచో 42 గ్రాముల పిండిపదార్థము లోపలికి పోవును. మైదాను మానితినని సంతోషించి అన్నమును మామూలుగా వడ్డించుకొన్నవాడు చిల్లర దాచి నోట్లు పారవేసినవాడగును. మన బెండకాయ పులుసునకును ఈ న్యాయమే వర్తించును. అందులో వేయు 20 గ్రాముల బెల్లము, చెంచాడు బియ్యపుపిండి కలిసి నలుగురికి పంచినచో మనిషికి ఆరేడు గ్రాములకు మించవు. పులుసు చేయు అపకారము కొంచెము, దాని క్రింది అన్నము చేయునది పెద్దది.

బెండకాయ స్వభావమును తెలిసికొన్నచో వంట సగము తెలిసినట్లే. 100 గ్రాముల పచ్చి బెండకాయలో 33 కెలోరీలు, సుమారు 7 గ్రాముల పిండిపదార్థము కలవు. అందు మూడు గ్రాములకు పైగా పీచే. దానిలోని జిగురు నీటిలో కరగు పీచు జాతికి చెందినది. నీటిలో ఉడికిన కొలదియు అది వెలువడి పులుసును చిక్కబరచును, ఆహారము ప్రేగులలో నెమ్మదిగా సాగునట్లు చేయును. కడిగిన కాయను తడితో కోసినచో కత్తికి తీగలు సాగును. అందువలన కడిగి, గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరిన పిదపనే కోయవలెను.

వేసవియు వర్షకాలమును బెండకాయకు అదను. వంగభాషలో దీనిని ఢేరస్ అనియు భేండి అనియు అందురు. వ్రేలెడు పొడవు మించక, కొన విరిచినచో ‘టక్’మని విరుగు లేత కాయలనే ఏరవలెను. వంగినను విరుగనిది ముదురు. దక్షిణ కోల్‌కతాలోని లేక్ మార్కెట్టు చుట్టుప్రక్కల దక్షిణాదివారి కరివేపాకు, చింతపండు మొదలగునవి కూడ దొరకును గనుక తెలుగు గృహిణులకు ఆ బజారు చిరపరిచితమే. రొయ్యలకు మానిక్‌తల, గరియాహాట్ బజారులు ప్రసిద్ధములు. పెద్ద బాగ్దా రొయ్య ఖరీదైనది. ఈ వంటకమునకది అవసరము లేదు. మధ్యరకపు రొయ్యలు చాలును. తల ఊడక, పెంకు మెరయుచు, సముద్రపు వాసన తప్ప వేరు వాసన లేనివి మంచివి. తల నల్లబడి అమోనియా వంటి ఘాటు వాసన వచ్చినచో, వర్తకుడెంత తగ్గించి చెప్పినను కొనగూడదు. జ్యేష్ఠ ఆషాఢముల ఉక్కలో రొయ్య ఒక గంటలో చెడును. బజారునకు పోవునప్పుడు మంచుగడ్డతో కూడిన డబ్బా తీసికొనిపోవుట మేలు.

నలుగురికి కావలసినవి: లేత బెండకాయలు 250 గ్రాములు, తల, పెంకు తీసిన రొయ్యలు 300 గ్రాములు (పెంకులను పారవేయరాదు), ఉల్లిపాయ ఒకటి, కాప్సికం ఒకటి, పండిన టమాటాలు రెండు, వెల్లుల్లి అయిదారు రేకలు, కొత్తిమీర కాడలు గుప్పెడు, నూనె మూడు పెద్ద చెంచాలు, బిర్యానీ ఆకు ఒకటి, వాము పావు చెంచా, మిరియాల పొడి, మిరపపొడి, ఉప్పు. లూసియానావారు ఉల్లి, కాప్సికం, సెలరీ ఈ మూడింటిని కలిపి వేయుదురు. సెలరీ దొరకనిచోట కొత్తిమీర కాడలు ఆ పని చేయును. వారు వాడు థైమ్ అను ఆకునకు బదులుగా వాము చాలును. రెండింటి సువాసనకును కారణమైన పదార్థమొక్కటే, థైమాల్. నూనె ఆవనూనెయైనను వేరుశెనగ నూనెయైనను బాధ లేదు.

రొయ్య వీపు వెంబడి నుండు నల్లని నరమును తీసివేసి, కడిగి, చల్లని చోట నుంచవలెను. ఒక గిన్నెలో తలలను, పెంకులను చెంచాడు నూనెలో ఎఱ్ఱబడువఱకు వేచి, నాలుగు గ్లాసుల నీరు పోసి, పదిహేను నిమిషములు మరగింపవలెను. మైదా వేపుటచే వచ్చు గాఢమైన రుచి ఇందులో లేదు గదా యని చింతించువారికి ఈ పెంకుల నీరే సమాధానము. చాలమంది పారవేయునదే ఈ వంటకమునకు ప్రాణము.

పెంకులు మరగుచుండగా ప్రక్క పొయ్యిపై వెడల్పాటి గిన్నెలో చెంచాడు నూనె వేసి, అరంగుళము ముక్కలుగా కోసిన బెండకాయలను మధ్యరకపు మంటపై పది నిమిషములు వేపవలెను. మూత పెట్టరాదు, మాటిమాటికి కలుపరాదు. తీగలు సాగుట ఆగి, అంచులు గోధుమరంగు తేలినంతనే తీసి ప్రక్కనుంచవలెను. ఇనుప మూకుడులో వండినచో బెండకాయ నల్లబడును. హాని లేదు గాని చూచుటకు బాగుండదు. ఉక్కు గిన్నెయో మట్టిపాత్రయో మంచిది.

అదే గిన్నెలో మిగిలిన నూనె వేసి, బిర్యానీ ఆకు, వాము చిటపటలాడగా ఉల్లి, కాప్సికం, కొత్తిమీర కాడలు వేసి ఎఱ్ఱగా వేపవలెను. ఇచట తొందరపడినచో రంగు రాదు. తరువాత నలిపిన వెల్లుల్లి, టమాటా ముక్కలు, కారము వేసి టమాటా మెత్తబడువఱకు మగ్గనిచ్చి, పెంకుల నీటిని వడగట్టి పోయవలెను. బెండకాయలను తిరిగి వేసి సన్నని మంటపై పది నిమిషములు ఉడికించినచో పులుసు తనంతట చిక్కబడును. అప్పుడు ఉప్పు నాలుగు గ్రాములు, అనగా చిన్న చెంచాలో మూడు వంతులు, వేయవలెను. దినమున మనిషికి మొత్తము అయిదు గ్రాములకు లోబడి యుండవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది గనుక నలుగురికిది మితమే. చివరకు రొయ్యలు వేసి మూడు నాలుగు నిమిషములలో దింపవలెను. రొయ్య వంగి, ఎఱ్ఱబడి, లోపలి పారదర్శకత పోయినచో ఉడికినట్లు. అంతకు మించి ఉడికించినచో రబ్బరగును. పిదప మిరియాల పొడి చల్లి, నిమ్మరసము పిండుట మంచిది. పులుపు జిగురును కొంత విరుచును.

ఇట్లు చేసినచో ఒక్కొక్కరి వంతునకు పిండిపదార్థము సుమారు 11 గ్రాములు (అందు మూడు గ్రాములు పీచు), మాంసకృత్తులు 17 గ్రాములు వచ్చును. దీనిని లోతైన గిన్నెలో పోసికొని చెంచాతో త్రాగవచ్చును. అన్నము లేక తృప్తి కలుగనివారు మూడు నాలుగు చెంచాల అన్నమును, అనగా 50 గ్రాములను, పులుసు మధ్యనుంచుకొనవలెను. దానివలన మరి 14 గ్రాములు మాత్రమే చేరును. పులుసులో అన్నమును కలుపుకొనుట వేరు, అన్నముపై పులుసును పోసికొనుట వేరు. చలికాలమున కోల్‌కతాలో కాలీఫ్లవరు చవుకగా దొరకును. దానిని తురిమి ఆవిరిపై నాలుగు నిమిషములుంచి అన్నమునకు మారుగా వడ్డింపవచ్చును. దానిని అన్నమని చెప్పి పెద్దలను మోసగింపబోవుట మాత్రము వ్యర్థము. కూరయని చెప్పియే పెట్టవలెను.

రొయ్యలు పడనివారు, మాంసాహారము ముట్టనివారు పెంకుల నీటికి బదులు పుట్టగొడుగులనో, వేచిన ఉల్లి, టమాటాలనో మరగించిన నీరు వాడి, చివర పనీరు ముక్కలు వేయవలెను. వంగ దేశపు ఛానాను మూటగట్టి బరువు పెట్టినచో ఇంటనే పనీరు సిద్ధమగును. రొయ్య తిన్నప్పుడు దద్దురులు, పెదవుల వాపు కలుగువారికి కొంచెమైనను పెట్టరాదు. పెంకుల నీరు కూడ నిషిద్ధమే.

ఇక మందులను గూర్చిన మాట. ఇన్సులిన్ సూదిమందు గాని, గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్రలు గాని వాడువారు ఒక్కసారిగా అన్నము మానినచో రక్తమున చక్కెర ప్రమాదకరముగా పడిపోవచ్చును. చెమటలు, వణకు, కండ్లు తిరుగుట, తడబాటు దాని గుర్తులు. అట్టివారు భోజనమును మార్చుటకు ముందే వైద్యునితో మాట్లాడి మోతాదు సరిచూపించుకొనవలెను. డాపగ్లిఫ్లోజిన్, ఎంపగ్లిఫ్లోజిన్ వంటి మందులు వాడువారు పిండిపదార్థమును బొత్తిగా మానుట మఱియొక విధమున అపాయకరము. చక్కెర అంకె మామూలుగానున్నను రక్తము ఆమ్లమయమగు స్థితి వారికి కలుగవచ్చును. వార్ఫరిన్ వాడువారు బెండకాయను ఒక దినము ఎక్కువగా, ఒక దినము లేకుండ కాక, సమముగా తినవలెను. అందలి విటమిన్ ‘కె’ ఆ మందు పనిని మార్చును. మూత్రపిండములు దెబ్బతిన్నవారు మాంసకృత్తుల మోతాదును వైద్యుని అడిగి తెలిసికొనవలెను.

బెండకాయలను రాత్రి నీట నానవేసి ఉదయమున ఆ నీరు త్రాగినచో మధుమేహము నయమగునను మాట బజారులోను, బంధువులలోను వినబడుచుండును. కాయ మంచిదే, కాని ఆ మాట రుజువు కాలేదు. 2011లో ప్రకటింపబడిన యొక ప్రయోగమున, బెండకాయలోని కరగు పీచును మెట్‌ఫార్మిన్‌తో కలిపి ఎలుకలకు ఇచ్చినప్పుడు ఆ మందు శరీరమునకు పట్టుట తగ్గినట్లు కనబడినది. మనుష్యులలోను అట్లే జరుగునని దీనివలన తేలదు. అయినను మాత్రను ఆ నీటితో మ్రింగుట, ఆ నీటిని నమ్మి మాత్రను మానుట, రెండును తగవు. ఇరుగుపొరుగువారు ప్రేమతో చెప్పు సలహాలలో ఇది మిక్కిలి ఖరీదైనది. మాత్ర మానినచో కాలక్రమమున కంటిచూపు, పాదములు ఆ మూల్యమును చెల్లింపవలసి రావచ్చును.

ఇంట రోగి యొక్కడేయైనను వంట రెండుగా చేయనక్కరలేదు. ఎదుగు పిల్లలకును, శరీరశ్రమ చేయువారికిని ఇదే పులుసును కావలసినంత అన్నముతో పెట్టవచ్చును. రోగికి మాత్రము వేరు పళ్ళెములో మూల కూర్చుండబెట్టి వడ్డించుట ఏ ఇంటను నియమమును నిలుపలేదు. మిగిలిన పులుసును వండిన రెండు గంటలలోపున చల్లార్చి శీతలపెట్టెలో పెట్టి, మరునాడు పొంగు వచ్చువఱకు కాచి తినవలెను. రాత్రంతయు పొయ్యి మీదనే వదలినదానిని, వాసన బాగున్నను, పారవేయవలెను.