కారు లేనిదే కదలని ఊరిలో అద్దె ఇల్లు

నగర శివారు అనగానే మన మనస్సులో మెదిలే చిత్రం వేరు. అక్కడ అద్దె తక్కువ. ఆలస్యంగానైనా బస్సు వస్తుంది. కిరాణా దుకాణం నడిచిపోయేంత దూరంలోనే ఉంటుంది. అమెరికా శివారు పట్టణాలలో చాలావాటికి ఈ లక్షణాలు వర్తించవు. ఉన్నత విద్యకై ఆ దేశం వెళ్ళదలచిన విద్యార్థులు ఈ భేదానికి కారణమేమో ముందుగా గ్రహించవలసి ఉన్నది.

నివాస స్థలాలను, వ్యాపార స్థలాలను వేరుపరచే అధికారం స్థానిక సంస్థలకు కలదని 1926లో అమెరికా సుప్రీంకోర్టు యూక్లిడ్ అనే గ్రామపు వివాదంలో తీర్పు చెప్పింది. విడి ఇళ్ళ నడుమ లేచే అపార్టుమెంటును ఆ తీర్పు పరాన్నభుక్కుతో పోల్చింది! యుద్ధానంతరం 1947లో న్యూయార్క్ సమీపాన లెవిట్‌టౌన్ నిర్మాణం మొదలైంది. ఒకే నమూనా ఇళ్ళు వేల సంఖ్యలో వెలిశాయి. తెల్లజాతివారు తప్ప ఇతరులు నివసించరాదన్న నిబంధన తొలుత ఆ ఇళ్ళ ఒప్పందపత్రాలలో ఉండేది. 1956 నాటి రహదారుల చట్టంతో ఇటువంటి శివార్లు మరింత విస్తరించాయి. విడి ఇళ్ళకు కేటాయించిన నేలపై అపార్టుమెంటు కట్టరాదు, దుకాణం తెరవరాదు. కనుక అపార్టుమెంట్లు అరుదై అద్దె పెరిగింది. దుకాణాలు దూరమై కారు తప్పనిసరి అయింది.

టెక్సాస్‌లో డాలస్, ఫోర్ట్‌వర్త్ నగరాల మధ్యనున్న ఆర్లింగ్టన్ ఇందుకు చక్కని ఉదాహరణ. 2020 జనగణన ప్రకారం అక్కడి జనాభా 3,94,000 పైచిలుకు. అయినా 1980, 1985, 2002 సంవత్సరాలలో ప్రజా రవాణా ప్రతిపాదనలను ఓటర్లు మూడుసార్లు తిరస్కరించారు. 2017 చివర పిలిస్తే వచ్చే చిన్న వ్యాన్ల ఏర్పాటు మొదలై, 2021లో ఊరంతటికీ విస్తరించింది. అక్కడి విశ్వవిద్యాలయంలో తెలుగు విద్యార్థులెందరో చదువుతున్నారు.

ఇక లెక్క చూద్దాం. కొత్త కారు పోషణకు ఏడాదికి 12,297 డాలర్లవుతుందని అమెరికా మోటారు వాహనదారుల సంఘం 2024లో అంచనా వేసింది. పాత కారుకు అంత కాకపోవచ్చు. అయినా బీమా, పెట్రోలు, మరమ్మతులు తప్పవు. విద్యాలయం చెంత 1,200 డాలర్ల ఇల్లు, దూరాన 900 డాలర్ల ఇల్లు ఉన్నాయనుకుందాం. ఇద్దరు కలిసి ఉంటే దూరపు ఇంట ఒక్కొక్కరికి మిగిలేది 150 డాలర్లే. అద్దెను పంచుకోవడం సులభం. తరగతుల వేళలు వేరైనప్పుడు కారును పంచుకోవడం కష్టం. తక్కువ అద్దె ఇల్లే ఎక్కువ ఖర్చు ఇల్లవుతున్నది.

నెల ఆదాయం అద్దెకు మూడింతలుండాలని చాలామంది యజమానులు కోరుతారు. అప్పు తీర్చిన చరిత్ర చూస్తారు. కొత్త విద్యార్థికి ఈ రెండూ ఉండవు. హామీదారునో, అదనపు డిపాజిట్టో చూపవలసి వస్తుంది. లీజు సాధారణంగా ఏడాదికి. మధ్యలో విడిస్తే నష్టపరిహారం చెల్లించాలి. చూడని ఇంటికి ఎవరు తొందరపెట్టినా ముందుగా డబ్బు పంపరాదు.

జాతి, వర్ణ, మత, జన్మదేశ కారణాలపై ఇల్లు నిరాకరించడం 1968 నాటి గృహ చట్టం ప్రకారం నేరారోపణకు కాకపోయినా దావాకు తగిన తప్పు. పేరు విన్న పిమ్మట "ఖాళీ లేదు" అనిపించుకున్న అనుభవం మనలో పలువురికి ఉన్నది గనుక ఈ చట్టాన్ని ప్రత్యేకంగా ప్రస్తావించాను.

ఇల్లు నిర్ణయించే ముందు, అప్పటికే అక్కడున్న సీనియరు విద్యార్థి ఒకరిని రాత్రి ప్రయోగశాల ముగిసే వేళ గ్రంథాలయం నుండి ఆ గుమ్మం వరకు కారు లేకుండా వెళ్ళి చూడమని కోరండి. కాలిబాట ఎక్కడ తెగిపోయినదో, వ్యానుకై ఎంతసేపు నిలువవలసి వచ్చినదో వారు చెప్పగలరు.