కాంతి పెంచితే ఎలక్ట్రాన్‌కు శక్తి పెరగదా?

ప్రశ్న: ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఆధునిక భౌతికశాస్త్రంలో ఫార్ములాలన్నీ కంఠతా వచ్చు. అయినా కాంతి విద్యుత్ ఫలితం మీద లెక్క కాస్త తిప్పి అడిగితే తప్పు పెడుతున్నాను. కాంతి తీవ్రత రెట్టింపయితే నిరోధక పొటెన్షియల్ ఎంతవుతుందని అడిగితే రెట్టింపని రాశాను. ప్రశ్నకు నిమిషం దొరికే పరీక్షలో అర్థం చేసుకుంటూ కూర్చుంటే కుదురుతుందా?
- ఒక విద్యార్థిని, గుంటూరు

జవాబు: మీ జవాబు తప్పే కానీ, తలాతోకా లేనిది మాత్రం కాదు. కాంతి ఒక అల అనుకున్నవారు ఎవరైనా తీవ్రత పెంచితే ఎలక్ట్రాన్‌కు అందే శక్తి పెరుగుతుందనే అంటారు. పందొమ్మిదో శతాబ్దపు భౌతిక శాస్త్రవేత్తలూ అలాగే అనుకున్నారు. మీ చేతిలో ఐన్‌స్టీన్ సమీకరణం ఉంది, మనసులో మాత్రం ఇంకా అలే ఉంది. లెక్క సూటిగా ఉన్నంతకాలం ఈ తేడా బయటపడదు, తిప్పి అడిగినప్పుడే పడుతుంది. కాబట్టి మరో ఫార్ములా నేర్చుకోవడం కన్నా, ఆ అల చిత్రాన్ని ఏ సాక్ష్యం వదిలించిందో తెలుసుకోవడం మీకు ఎక్కువ అవసరం.

ఒక్కసారి లెక్కేసి చూద్దాం. సోడియం పని ప్రమేయం, అంటే దాన్నుంచి ఎలక్ట్రాన్‌ను బయటికి లాగడానికి కావలసిన కనీస శక్తి, సుమారు 2.3 ఎలక్ట్రాన్ వోల్టులు. చదరపు మీటరుకు వాటులో పది లక్షలో వంతు మాత్రమే ఉండే బలహీనమైన కాంతి దాని మీద పడుతోందనుకోండి. కాంతి అలే అయితే దాని శక్తి తలమంతా సమానంగా పరుచుకోవాలి. 0.1 నానోమీటర్ వ్యాసార్థమున్న పరమాణువు తన వాటాకొచ్చిన శక్తిని మాత్రమే పోగుచేసుకుంటే, 2.3 ఎలక్ట్రాన్ వోల్టులు కూడడానికి దాదాపు కోటీ ఇరవై లక్షల సెకన్లు, అంటే నాలుగున్నర నెలలు పడుతుంది. ప్రయోగంలో జరిగేది వేరు. 1928లో లారెన్స్, బీమ్స్ కొలిచినప్పుడు కాంతి పడటానికీ ఎలక్ట్రాన్ రావడానికీ మధ్య ఆలస్యం సెకనులో వంద కోట్లో వంతుకు మూడు రెట్లకు మించలేదు. నాలుగున్నర నెలలెక్కడ, ఈ రవ్వంత కాలమెక్కడ! అంతకుముందే 1902లో లెనార్డ్ చూపినది ఇంకో సాక్ష్యం: తీవ్రత ఎంత మార్చినా బయటికొచ్చే ఎలక్ట్రాన్ల గరిష్ఠ శక్తి మారలేదు, వాటి సంఖ్య మాత్రం మారింది.

1905లో ఐన్‌స్టీన్ చెప్పింది దీనికి సరిపోయింది. కాంతి శక్తి విడివిడి పొట్లాలుగా (వీటినే ఇప్పుడు ఫోటాన్లు అంటున్నాం) అందుతుంది, ఒక్కో పొట్లం ఎంతన్నది పౌనఃపున్యం నిర్ణయిస్తుంది, పొట్లాలు ఎన్నన్నది తీవ్రత నిర్ణయిస్తుంది. ఒక ఎలక్ట్రాన్ ఒక పొట్లాన్నే తీసుకుంటుంది. ఇక మీ లెక్కకొద్దాం. 1240ని నానోమీటర్లలోని తరంగదైర్ఘ్యంతో భాగిస్తే ఫోటాన్ శక్తి ఎలక్ట్రాన్ వోల్టుల్లో వస్తుంది. 400 నానోమీటర్లకు 3.1. అందులోంచి సోడియం 2.3 తీసుకుంటే మిగిలేది 0.8, ఆ శక్తితో వచ్చే ఎలక్ట్రాన్‌ను ఆపే నిరోధక పొటెన్షియల్ 0.8 వోల్టులు. తీవ్రత రెట్టింపు చేస్తే ఫోటాన్లు రెట్టింపవుతాయి, విద్యుత్ ప్రవాహం రెట్టింపవుతుంది, 0.8 అలాగే ఉంటుంది. 650 నానోమీటర్ల ఎర్ర కాంతి ఫోటాన్‌కు ఉన్నది 1.9 మాత్రమే. ఆ కాంతిని ఎంత పెంచినా మామూలు దీపంతో సోడియం నుంచి ఎలక్ట్రాన్ రాదు.

వ్యవధి చాలదన్న మీ అభ్యంతరం న్యాయమైనదే. ఈఏపీసెట్‌లో 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు చేయాలి. కానీ తొందరలో మోసం చేసేది అర్థం లేని ఫార్ములానే. 400 నానోమీటర్ల కాంతి తీసేసి అదే తీవ్రతతో 200 నానోమీటర్ల కాంతి వేశారనుకోండి. కంఠతా పట్టిన చెయ్యి తరంగదైర్ఘ్యం సగమైంది కాబట్టి గతిజ శక్తి రెట్టింపు అని గబుక్కున రాసేస్తుంది. ఫోటాన్ శక్తి 6.2 అయింది, 2.3 పోగా 3.9 మిగిలింది, అంటే దాదాపు అయిదు రెట్లు. తీవ్రత మారలేదు కాబట్టి ఒక్కో పొట్లం బరువెక్కితే పొట్లాల సంఖ్య సగానికి తగ్గిందన్నది కూడా ఇక్కడే తడుతుంది. ఒక్కోటి ఎంత, మొత్తం ఎన్ని అని ముందే విడదీసుకుంటే పది సెకన్లు కూడా పట్టదు.

ప్రశ్న: కాంతి విద్యుత్ ఫలితం ఫోటాన్లున్నాయని రుజువు చేయదని మా లెక్చరర్ అంటున్నారు. మరి పాఠ్యపుస్తకం తప్పా?
- ఒక డిగ్రీ విద్యార్థి, వరంగల్

జవాబు: మీ లెక్చరర్ చెప్పింది నిజమే, అయినా ఐన్‌స్టీన్ సమీకరణానికి వచ్చిన ముప్పేమీ లేదు. సమీకరణం నిజమా అన్నదీ, దాని వెనక చెప్పిన కారణం ఒక్కటే సాధ్యమా అన్నదీ వేరువేరు ప్రశ్నలు. మిలికాన్ శూన్యంలో ఉన్న లోహపు దిమ్మను లోపలే కత్తితో చెక్కించి, గాలి తగలని తాజా తలం మీద కాంతి వేసి ఏళ్లతరబడి కొలిచారు. 1916 నాటికి సమీకరణం కచ్చితమని తేల్చి, అదే కొలతల్లోంచి ప్లాంక్ స్థిరాంకం విలువ కూడా తీశారు. అయినా ఫోటాన్ భావనను అప్పటికి ఒప్పుకోలేదు. నా దృష్టిలో అది మొండితనం కాదు, తన ప్రయోగం ఎంతవరకు సాక్ష్యమిస్తుందో ఎరిగిన జాగ్రత్త. పరమాణువుకు క్వాంటం నియమాలు వర్తింపజేసి, కాంతిని అలగానే ఉంచినా ఆ సమీకరణం వస్తుందని తర్వాత లాంబ్, స్కల్లీ 1969లో వివరంగా చూపించారు.

ఫోటాన్‌కు గట్టి సాక్ష్యం వేరే చోట ఉంది. 1986లో గ్రాంజియర్, రోజర్, ఆస్పె ఒక్కో ఫోటాన్‌ను సగం వెండి పూసిన అద్దం మీదికి పంపి, రెండు వైపులా గ్రాహకాలు పెట్టారు. అలే అయితే చీలి రెండు వైపులా పోవాలి, అప్పుడప్పుడూ రెండూ ఒకేసారి మోగాలి. అవి కలిసి మోగిన సందర్భాలు అల సిద్ధాంతం అనుమతించే కనిష్ఠం కన్నా చాలా తక్కువ. చీలిపోని పొట్లం అన్నది ఇక్కడే నిలబడుతుంది.

ఒక ఎలక్ట్రాన్‌కు ఒక ఫోటాన్ అన్న నియమానికీ హద్దుంది. చాలా తీవ్రమైన లేజర్ స్పందం (పల్స్) కింద ఎలక్ట్రాన్ రెండు ఫోటాన్లను ఒకేసారి తీసుకోగలదు. రెండు ఎర్ర ఫోటాన్లు కలిస్తే 3.8 ఎలక్ట్రాన్ వోల్టులు, సోడియానికి సరిపోతాయి. పాఠ్యపుస్తకం లెక్కల్లోని కాంతి అంత తీవ్రమైనది కాదు. లేజర్ అన్న మాట కనిపించినంత మాత్రాన కంగారు పడకండి. చేతిలో పట్టుకునే లేజర్ పాయింటర్ కాంతి ఇందుకు ఏమాత్రం చాలదు.