మేకల మంచె షెడ్డు: అడుగు కట్టు ఎలా వేయాలి?



గజపతినగరం చుట్టుపక్కల వానాకాలంలో మేకలపాక నేలంతా చిత్తడే. తడి పెంటలో నిలబడితే మేకల గిట్టలు పాడవుతాయి, ఆ ఘాటుకి దగ్గు పడుతుంది. అందుకే నేలకి 4, 5 అడుగుల ఎత్తున చెక్క మంచె వేసుకోవాలి. పెంట కిందకి రాలిపోతుంది, ఊడ్చి పొలానికి వాడుకోవచ్చు. వీడియో చూసేముందు ఈ కొలతలు రాసిపెట్టుకోండి.

ఎంత జాగా: పెద్ద మేకకి సుమారు 10 చదరపు అడుగులు. 20 మేకలకి 20 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు సరిపోద్ది.

గుంజలు: 5 అడుగులకొకటి, వరసకి 5 చొప్పున 3 వరసలు, మొత్తం 15. కర్రని నేరుగా మట్టిలో పాతితే చెదలు పడతాయి. సిమెంటు దిమ్మ వేసి, అందులో దించిన ఇనప పట్టీకి గుంజని బోల్టుతో బిగించండి.

దూలాలు: గుంజ తలలో గాడి తీసి దూలాన్ని అందులో కూర్చోబెట్టండి. పక్కన మేకులు కొట్టి వేలాడదీస్తే బరువంతా ఆ మేకుల మీదే పడుతుంది. వాన వస్తే మేకలన్నీ ఒక మూలకే చేరతాయి కదా!

అడ్డకర్రలు: దూలాల మీద అడుగున్నరకొకటి, మొత్తం 15. నీళ్ళ పైపుతో మట్టం చూడండి. మూల నుంచి మూలకి రెండు వైపులా కొలత సమానంగా ఉంటే చట్రం సరిగ్గా ఉన్నట్టే.

రీపర్లు: 3 అంగుళాల వెడల్పు, మధ్యలో అరంగుళం సందు. అరంగుళం చెక్కముక్క అడ్డంపెట్టి కొడితే అన్ని సందులూ ఒకేలా వస్తాయి. పచ్చికర్ర వద్దు. అది ఎండి కుంచించుకుపోతే సందు పెరిగి, మేక కాలు ఇరుక్కుని విరుగుతుంది. చిన్న పిల్లలున్న మూలన గోనెసంచి పరవండి, తడిస్తే మార్చండి.

ఏటవాలు కర్రలు: చాలామంది వదిలేసేది ఇదే. మంచె కిందకి కుంగకపోయినా పక్కకి ఒరిగిపోతుంది. మూల గుంజలకి రెండు వైపులా ఏటవాలు కర్రలు బిగించండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ గాలి మనమంతా చూశాం. గాలి కప్పుని పైకి లాగుతుంది. అందుకని కప్పుని గుంజకి, గుంజని దిమ్మకి కట్టాలి. ఒక్క చోట కట్టు తప్పినా మిగతాది నిలవదు.

ఏటా వానలకి ముందు మంచె కిందకి దూరి బోల్టులు బిగించండి, కర్రని స్క్రూడ్రైవరుతో గుచ్చి చూడండి. మెత్తగా దిగితే ఆ కర్ర వెంటనే మార్చేయండి.