రుసుము లేని విద్య: సెలవు దినములలో బెంగుళూరు సందర్శనము

బిడ్డకు బడి నేర్పునది కొంత, ఊరు నేర్పునది కొంత. ఈ రెండవ చదువునకు జీతము లేదు, పరీక్ష లేదు. కాని దానికిని పూనిక కావలయును. మన పాఠశాలయందు తెలుగు చదువుచున్న బాలబాలికలను ఏటికొకమారైనను శని ఆదివారములలో బెంగుళూరునకు తీసికొనిపోయి, అచట టిక్కెట్టు లేక జరుగు సంగీత సభలను, చిత్రప్రదర్శనములను, జాతరలను ఎందులకు చూపవలయునో, ఎట్లు చూపవలయునో తల్లిదండ్రులకు విన్నవించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ఎందులకు?

మన బిడ్డలలో కొందరికి ఒక సంకోచము కలదు. వీధికి కన్నడము, ఉద్యోగమునకు ఇంగ్లీషు. ఇక తెలుగు ఇంటికిని బడికిని మాత్రమే చాలునని వారి మనస్సున నాటుకొనును. నలుగురి నడుమ తల్లితో తెలుగున మాటాడుటకు వెనుదీయు బిడ్డయు ఉండును. నీ భాష గొప్పదని ఎన్నిమార్లు చెప్పినను ఈ సంకోచము తీరదు. అది చెప్పిన పోవునది కాదు, చూపిన పోవునది.

పుష్య బహుళ పంచమి త్యాగరాజస్వామి (1767–1847) ఆరాధన దినము. ఆ రోజులలో బెంగుళూరున పలు తావుల పంచరత్న కృతులను గోష్ఠిగా పాడుదురు. ఆ ఐదింటిలో మొదటిది సంస్కృతము, తక్కిన నాలుగును తెలుగు. పాడువారిలో కన్నడిగులును తమిళులును అనేకులు. ఇంట తెలుగు మాటాడనివారు తెలుగు సాహిత్యమును తమ లిపిలో వ్రాసికొని, ఒక్క అక్షరము జారకుండ పాడుటను ఆ బిడ్డ వినవలయును. తాను సిగ్గుపడుచున్న భాషను ఇతరులు శ్రద్ధతో అభ్యసించుచున్నారని అప్పుడు తెలిసికొనును.

అంతమాత్రమున గర్వము నేర్పరాదు. అదే మాసమున అమావాస్య నాడు పురందరదాసుల ఆరాధన. తెలుగు బిడ్డ సంగీతమున తొలుత నేర్చు పిళ్లారి గీతములు ఆ దాసులవారివి. వారి పేరిట మంటపమున్న హంపి, 2021లో విజయనగర జిల్లా ఏర్పడువరకు, మన బళ్లారి జిల్లాలోనిదే. పది దినముల ఎడములో వచ్చు ఈ రెండు ఆరాధనములను కలిపి చూపినచో, భాషలు ఒకదానికొకటి ఇచ్చిపుచ్చుకొని పెరిగినవను సంగతి బిడ్డకు బోధపడును. సరిహద్దు జిల్లాలో పెరుగువానికి ఇంతకన్న ముఖ్యమగు పాఠము లేదు.

ఎట్లు?

శుక్రవారము రాత్రి బళ్లారిలో హంపి ఎక్స్‌ప్రెస్ ఎక్కినచో శనివారము ఉదయమునకు బెంగుళూరు చేరవచ్చును. ఆదివారము రాత్రి మరల అదే రైలున బయలుదేరినచో సోమవారము ప్రొద్దునకు ఊరు చేరుదురు. బయలుదేరుటకు ముందే ఆ వారము ఎచట ఏమి జరుగునో పత్రికలలో చూచి, ఆయా సభలవారిని విచారించి నిశ్చయించుకొనవలయును. కార్యక్రమములు మారుచుండును గనుక ఇది తప్పనిసరి.

శనివారము సాయంకాలమునకు బసవనగుడి యోగ్యమగు స్థలము. అచట 1945లో బి.పి. వాడియాగారు స్థాపించిన ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వరల్డ్ కల్చర్ అను సంస్థ ఉపన్యాసములను, గానసభలను, నృత్యప్రదర్శనములను ఉచితముగా నడపుచున్నది. రవీంద్రనాథ ఠాగూరు శతజయంతి స్మారకముగా నిర్మింపబడిన రవీంద్ర కళాక్షేత్రమునందును రుసుము లేని కార్యక్రమములు తరచుగా జరుగును.

ఆదివారమునకు జనవరి మాసము మేలు. కర్ణాటక చిత్రకళా పరిషత్తువారు 2003 నుండి ఆ మాసమున ఒక ఆదివారము కుమారకృపా రోడ్డున చిత్రసంత నడపుచున్నారు. అనేక రాష్ట్రముల చిత్రకారులు తమ పటములను వీధి పొడవునను పరచి, తామే విక్రయింతురు. చూచుటకు ప్రవేశరుసుము లేదు. వ్రాసినవాడే ఎదుట కూర్చుండును గనుక, ఈ రంగు ఎట్లు వచ్చెనని బిడ్డ నేరుగా అడుగవచ్చును. ఏ పుస్తకమును ఈ అవకాశమీయజాలదు.

కార్తికమున పోవువారికి బసవనగుడియందే కడలెకాయి పరిషె, అనగా వేరుసెనగ సంత, కలదు. ముఖ్యదినము కార్తికపు కడపటి సోమవారమైనను, ముందటి ఆదివారమునకే అంగళ్లు వెలయును. మన మెట్టపొలములలో పండు కాయకు మహానగరమున పండుగ జరుగుట చూచి బిడ్డలు ఆనందింతురు.

ఉచితమనగా నేమి?

ఉచితమన్నది వెల లేనిదని కాదు. వెల మరియొకరు చెల్లించినదని అర్థము. దాతలు, సభలవారు, ప్రభుత్వము ఆ వ్యయమును భరించుచున్నారు. లండను నగరమున బ్రిటిషు మ్యూజియము 1759లో ద్వారములు తెరచిన నాటనుండియు సందర్శకులకు ఉచిత ప్రవేశమొసగినది. విద్య ధనికుల సొత్తు కారాదన్నదే అందలి భావము. అట్టి ఔదార్యమును అనుభవించువారు సకాలమునకు పోవలయును, పాటనడుమ లేచి రారాదు, కూర్చున్న చోటును శుభ్రముగా విడువవలయును. బిడ్డకు ఇదియు పాఠమే.

రైలుఛార్జీలు, భోజనము, బస మాత్రము ఉచితములు కావు. నలుగురున్న కుటుంబమునకు ఇది చిన్న భారము కాదు. నాలుగైదు కుటుంబములవారు కలసి పోయినచో బసవ్యయము తగ్గును. పోలేని ఇంటి బిడ్డనొకనిని వెంట తీసికొనిపోవుటకును వీలగును.

అదియు పొసగనివారు చింతింపనక్కరలేదు. ఈ బళ్లారియే ఒకనాడు తెలుగు నాటకమునకు పుట్టినిల్లు వంటిది. ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు 1886లో ఇచటనే సరసవినోదినీ సభను స్థాపించిరి. వారి మేనల్లుడు బళ్లారి రాఘవ (1880–1946) న్యాయవాదియై యుండియు తెలుగు, కన్నడ, ఆంగ్ల రంగస్థలములపై నటించి కీర్తి గాంచెను. ఆయన పేరిట నున్న రాఘవ కళామందిరము మన ఊరనే కలదు. నగరమునకు పోవుటకు ముందు బిడ్డను ఆ గడప త్రొక్కించుట యుక్తము.

ఇంటికి వచ్చిన పిదప

ఈ క్రింది ప్రశ్నలకు బిడ్డచేత తెలుగున పది పంక్తులు వ్రాయింపుడు.

1. నీవు విన్న పాటలలో ఏవి తెలుగు, ఏవి కన్నడము? ఎట్లు గుర్తించితివి?
2. ఏ చిత్రము ఎదుట ఎక్కువసేపు నిలిచితివి? ఎందుచేత?
3. నీకు ఉచితముగా లభించిన దానికి వ్యయము భరించినదెవరు?
4. మన ఊరిలో అట్టి సభ జరిగినచో నీవేమి పని చేయుదువు?

నాల్గవ ప్రశ్నకు బిడ్డ వ్రాసిన సమాధానమును తల్లిదండ్రులు భద్రపరుపవలయును. ఇతరులు పరచిన చాపపై కూర్చుండి వచ్చిన బిడ్డ, ఒకనాడు తానును నలుగురికై చాప పరచినప్పుడే ఆ ప్రయాణము సఫలమగును.