చేపల తొట్టిలో మొక్కలు ఎందుకు పాడవుతాయి?

మన సైన్సు గదిలో గాజు తొట్టి మీ అందరికీ తెలుసు. వాగు నుంచి తెచ్చిన హైడ్రిల్లా, వాలిస్నేరియా మొక్కలు, అయిదు చిన్న చేపలు అందులో ఉండేవి. గదికి సున్నం వేసినప్పుడు తొట్టిని కిటికీ దగ్గర నుంచి బీరువా పక్కకు జరిపాం. నెల తిరిగేసరికి మొక్కలు పాడయ్యాయి. హైడ్రిల్లా సన్నగా, పొడుగ్గా సాగింది. కణుపుకీ కణుపుకీ మధ్య దూరం పెరిగింది. కింది ఆకులు రాలిపోయాయి.

మాది పోడు చేను. మొక్కజొన్న పసుపు తిరిగితే మా అయ్య యూరియా వేస్తాడు. కొన్నాళ్ళకి చేను నల్లబడుతుంది. ఇదీ అంతే అనుకున్నాను. బడితోట కోసం ఉంచిన యూరియా గుప్పెడు తెచ్చి తొట్టిలో వేశాను. ఎవరికీ చెప్పలేదు. మూడో రోజు పొద్దున చేపలు నీళ్ళపైకి వచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. సాయంత్రానికి నాలుగు చచ్చిపోయాయి.

ఆ వారం నీళ్ళు మార్చే వంతు ఎనిమిదో తరగతి చెల్లిది. అందరూ తననే తిట్టారు. తను రాత్రి అన్నం తినలేదు. నేను చూసి కూడా నోరు విప్పలేదు. రెండు రోజుల తరవాత సైన్సు సారుకి నిజం చెప్పేశాను. సారు, "ఎందుకు చచ్చాయో తెలుసుకొని గోడపత్రికలో రాయమ్మా" అన్నారు. అందుకే ఈ పాఠం రాస్తున్నాను.

యూరియా ఏం చేసింది?

యూరియాలో నూటికి 46 పాళ్ళు నత్రజని ఉంటుంది. నీళ్ళలో సూక్ష్మజీవుల వల్ల యూరియా అమ్మోనియాగా మారుతుంది. అది చేప మొప్పలను పాడుచేస్తుంది. చేలో అయితే మట్టి చాలావరకు పట్టి ఉంచుతుంది. తొట్టిలో చేప ఎక్కడికి పోతుంది? ఆ నీళ్ళలోనే ఊపిరి పీల్చాలి కదా.

అసలు చేపల మలం నుంచి కూడా కొంచెం అమ్మోనియా వస్తుంది. ఇసుకలో ఉండే బాక్టీరియా దాన్ని మొదట నైట్రైట్‌గా, తరవాత నైట్రేట్‌గా మారుస్తాయి. నైట్రేట్ మొక్కకు ఆహారం. అంటే చేపలున్న తొట్టిలో ఎరువు దానంతటదే తయారవుతోంది.

లోపం ఎలా కనిపెట్టాలి?

1. కాడ సన్నగా సాగి, కణుపులు దూరమైతే వెలుతురు చాలలేదు. మన తొట్టికి వచ్చిన జబ్బు ఇదే. వెలుతురు లేకపోతే కిరణజన్య సంయోగక్రియ సరిగా జరగదు. అప్పుడు ఎంత ఎరువు వేసినా దండగే.
2. ముదురు ఆకులు ముందు పసుపైతే నత్రజని తక్కువ కావచ్చు. మొక్క పాత ఆకుల్లోని నత్రజనిని లేత ఆకులకు పంపుకుంటుంది.
3. లేత ఆకులే ముందు తెల్లబడితే ఇనుము తక్కువ కావచ్చు. ఇనుము పాత ఆకు నుంచి కొత్త ఆకుకి అంత తేలిగ్గా పోదు.
4. వాలిస్నేరియా మొదలు ఇసుకలో పూడిపోతే కుళ్ళుతుంది. వేళ్ళు మాత్రమే ఇసుకలో ఉండాలి.
5. గాజుకి పచ్చగా నాచు పడితే ఎండ ఎక్కువైంది, లేదా చేపలకు మేత ఎక్కువ వేస్తున్నాం.

మేము ఏం చేశాం?

మొదట నీళ్ళన్నీ మార్చాం. తొట్టిని మళ్ళీ కిటికీ దగ్గర పెట్టాం, కానీ ఎర్రటెండ నేరుగా పడకుండా. కడిగిన ఇసుకలో ఆహారం ఉండదు కాబట్టి ఇసుక కింద అంగుళం మందాన చెరువు మట్టి పరిచాం. ఇసుక పోను తొట్టిలో 45 లీటర్ల నీళ్ళు పడతాయి. వారానికి ఒక బకెట్, అంటే 10 లీటర్లు మారుస్తున్నాం. ట్యాంకులో బ్లీచింగ్ వేస్తారు కాబట్టి ఆ నీళ్ళని ముందు రోజే బకెట్‌లో పట్టి మూత లేకుండా ఉంచుతాం. క్లోరిన్ పోతుంది. యూరియా, పేడ ఏవీ వెయ్యం.

మూడు వారాలకి హైడ్రిల్లాకి దగ్గర దగ్గరగా కొత్త ఆకులు వచ్చాయి. ఎండలో ఆకుల మీద చిన్న చిన్న బుడగలు వస్తున్నాయి. అది ఆక్సిజన్. మిగిలిన ఒక్క చేప ఆ ఆకుల మధ్యే తిరుగుతోంది.

ఎనిమిదో తరగతి చెల్లీ, తప్పు నీది కాదు, నాది. నన్ను క్షమించు. ఈ నెలంతా నీ వంతు నీళ్ళు నేనే మారుస్తాను.

ప్రశ్న: తొట్టిలో ఒక్క చేపే ఉంటే మొక్కలకు ఏ ఆహారం తగ్గుతుంది? ముందు ఏ ఆకులు పసుపవుతాయి? జవాబు చీటీ రాసి నాకు ఇవ్వండి.

— 9వ తరగతి విద్యార్థిని